పద్నాలుగో తారీఖు ఎంట్రీ

దయ్యాల మాట ఎవరెత్తినా లేచి వెళ్లిపోయే మనిషిని నేను. నా భార్య సుజాత చనిపోయాక కూడా మారలేదు. జరిగింది మాత్రం రాస్తాను.

సుజాత కాటారం వైపు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూసే ఏఎన్‌ఎం నర్సు. చూసినవి ట్యాబ్‌లో ఎక్కించేది. ఆ రికార్డులు భూపాలపల్లి ఆరోగ్య శాఖ ఆఫీసులో నా కంప్యూటర్‌కు వచ్చేవి. మనిషిని చూడకుండా అంకెలు రాసేవాళ్లంటే ఆమెకు గిట్టదు. పదకొండో తారీఖు సాయంత్రం పని ముగించుకుని వచ్చి, గుండె ఆగి చనిపోయింది.

నెల తర్వాత ఆమె లాగిన్ ఐడీ మూసేయాలని ఆఫీసులో అన్నారు. చివరి రికార్డుల జాబితా తీసి, అన్నీ నిజమేనని నేను సంతకం చేయాలి. ఒకటి నుంచి పదకొండు వరకు వెతకమని కంప్యూటర్‌లో క్వెరీ రాశాను. పదో తారీఖుతో ఆగిపోయింది. ఆఖరి రోజు పని ఎవరో తీసేశారనుకున్నాను.

పక్క సీటు యాకయ్య నవ్వాడు. "ఎవలు తీస్తరన్నా? టైం ఎయ్యకుండ ఉత్త తారీఖు రాస్తే పదకొండు మొదలైన గడియకే ఆగుతది. పన్నెండు కంటే తక్కువ అని పెట్టు. ఇన్నేండ్ల సంది చేస్తున్నవ్, గిది తెల్వదా?"

తొందరలో గుర్తు తిరగేసి, పన్నెండు కంటే ఎక్కువ అని పెట్టాను. ఏమీ రాకూడదు. ఒక వరుస వచ్చింది. పద్నాలుగో తారీఖు, పొద్దున పది ఇరవై. లచ్చవ్వ, బీపీ నూట అరవై. సుజాత ట్యాబ్ నుంచే. అది ఆమె పోయిన రాత్రి నుంచి మా బీరువాలో ఉంది. తాళం నా దగ్గర.

ఆఫీసులో కూర్చుని ఆ ట్యాబ్ పేరుతో ఎక్కించాలంటే ఆమె పాస్‌వర్డ్ కావాలి. అది నాకూ యాకయ్యకూ మాత్రమే తెలుసు. అతన్నే అడిగాను.

"సచ్చిపోయిన వదిన పేరు మీద దొంగ ఎంట్రీ కొడ్తనా? గంత మాటంటివి." మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ట్యాబ్ గడియారం తప్పేమోనని చూశాను. పదకొండున ఎక్కించిన వాటి వేళలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆదివారం లచ్చవ్వ ఊరికి వెళ్లాను. సుజాత పోయిన సంగతి ఆమెకు తెలియదు. బీపీ కార్డు తెచ్చి చూపించింది. పద్నాలుగు, నూట అరవై. పెన్నుతో రాసి ఉంది. సుజాత రాతే అనిపించింది. ప్రమాణం చేసి చెప్పలేను.

"అచ్చింది బిడ్డా. ఉప్పు తక్కువ తినుమన్నది. ఎప్పుడచ్చినా చాయ తాగే పిల్ల, గీసారి కూసోనే లేదు. ఏమన్న పరేషాన్ల ఉన్నదా?"

పని ఎక్కువగా ఉందని చెప్పి వచ్చేశాను.

ముసలామె తారీఖు తప్పు చెబుతుందేమో. యాకయ్య అబద్ధమాడుతున్నాడేమో. ఇద్దరినీ ఇప్పటికీ పూర్తిగా నమ్మను. కానీ ఆ వరుస తీసేస్తే, సుజాత పేరు మీద దొంగ రికార్డు ఉందని నేనే ఒప్పుకున్నట్టు. అలాగే ఉంచి సంతకం పెట్టాను.

పద్నాలుగున ఆ వేళకు నేను కాళేశ్వరంలో ఆమె అస్థికలు గోదావరిలో కలుపుతున్నాను. లచ్చవ్వ ఇంటికి ఎవరు వెళ్లారో నాకు తెలియదు.