రేపల్లె బండిలో హెడ్‌మాస్టరు గారి తల

ఆ ఆదివారం పొద్దున్నే రేపల్లె బండి కోసం తెనాలి స్టేషనుకు వెళ్లేసరికి నా భుజం మీద గోనెసంచి, సంచిలో ఒక హెడ్‌మాస్టరు గారి తల ఉన్నాయి. నల్లరాతి తల. ఆయన పోయి చాలా కాలమైంది. బతికుండగా నేనాయన్ను చూడనేలేదు.

ఈ ప్రయాణానికి కారణం బాపట్ల. అంతకు ముందు అక్కడ ఒక హాల్లో నా శిల్పాలు ప్రదర్శనకు పెట్టాను. వచ్చినవాళ్లలో చాలామంది ఫ్యాను కింద కాసేపు కూర్చుని వెళ్లారు. ఒకాయన అన్నీ తిరిగి చూసి, రుబ్బురోలు చేస్తారా అని అడిగాడు. చేస్తానన్నాను. అప్పటిదాకా నా ఇల్లు గడిచింది రుబ్బురోళ్లతోనూ, సమాధుల మీది శిలువలతోనూ. ఆఖరిరోజు రేపల్లె నుంచి ఒక రైసుమిల్లు యజమాని వచ్చాడు. తాను చదివిన బడి ముందు తమ హెడ్‌మాస్టరు విగ్రహం పెట్టాలని కమిటీ వేశారట. ముందు తల ఒక్కటీ చేసి తెస్తే, నచ్చితే నిలువెత్తు విగ్రహం నాకే ఇస్తామన్నాడు. నలుగురూ నడిచే చోట నిలబడే విగ్రహం నేనెప్పుడూ చెయ్యలేదు. ఆయన పంపిన గ్రూపు ఫొటోలో హెడ్‌మాస్టరు ముఖం కందిగింజంత ఉంది. భూతద్దం పెట్టుకుని చెక్కాను.

బండిలో నా ఎదురుగా ఖాళీ చేపల గంపతో ఒకావిడ కూర్చుంది. వేమూరు దాటాక కుదుపుకు సంచి జారి, మాస్టారి కళ్లూ ముక్కూ బయటపడ్డాయి.

“ఏంటి బాబూ, సంచిలో తలకాయా?” అందావిడ.

“రాయేలే అక్కా. రేపల్లె హెడ్‌మాస్టరు గారు.”

“రాయైతే మాత్రం, అట్టా చూస్తన్నాడేంటి? మొహం అటు తిప్పు. నేను ఆకూ వక్కా వేసుకోవాలి.”

తిప్పాను.

రేపల్లెలో దిగి, స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిన్నాను. చట్నీ మళ్లీ అడిగితే విసుక్కోరు. అక్కడి నుంచి రిక్షాలో బడికి వెళ్లాను. హెడ్‌మాస్టరు గదిలో కమిటీ వాళ్లు కూర్చుని ఉన్నారు. తలను తీసి బల్ల మీద పెట్టాను. ముక్కు లావైందని ఒకరు, అసలు చాలలేదని ఇంకొకరు అన్నారు. మిల్లు యజమానికైతే ఆ కోపం ముఖమే నచ్చలేదు. పిల్లల్ని రమ్మన్నట్టు నవ్వుతూ ఉండాలట. ఆయన నవ్వడం ఎవరైనా చూశారా అని అడిగాను. ఎవరూ చూడలేదు. అయినా ఇది మా మాస్టారు కాదని తేల్చేసి, మాస్టారి భార్యను పిలవడానికి మనిషిని పంపి, మిల్లు యజమాని సిగరెట్టు కాల్చుకోవడానికి వరండాలోకి వెళ్లాడు.

ఇక ఈ పని పోయినట్టేననుకుని, బల్ల మీద టీ గ్లాసులకు చోటివ్వడానికి తలను తీసి మాస్టారి పాత కుర్చీలో పెట్టాను. అది సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉంది.

మిల్లు యజమాని సిగరెట్టుతోనే లోపలికి అడుగుపెట్టాడు. కుర్చీ వైపు చూశాడు. చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఒక్క అడుగు వెనక్కి వేసి, సిగరెట్టు బయటికి విసిరేసి, చొక్కా గుండీ పెట్టుకున్నాడు. అందరం చూశాం. ఆ తరవాత ముక్కు సంగతి ఎవరూ ఎత్తలేదు.

కాసేపటికి మాస్టారి భార్య వచ్చింది. సన్నటి ముసలావిడ. కుర్చీ ముందు నిలబడి చాలాసేపు చూసి, కొంగుతో రాతి నుదుటి మీది దుమ్ము తుడిచింది.

“ఆయనే,” అంది. “పెద్ద బొమ్మలో చెవులు మాత్రం ఇంకాస్త పెద్దవి పెట్టు నాయనా. ఉన్నన్నాళ్లూ నా మాట వినలేదు.”

అలాగేనమ్మా అన్నాను. పని నాకే ఖాయమైంది. తలను ఆవిడ ఇంటికి పంపమంది, పంపారు.

సాయంత్రం బండిలో సంచి మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. రేపల్లె పెద్ద చూడవలసిన ఊరని చెప్పను గానీ, నేను వెళ్లిన ఊళ్లలో అంత భయభక్తులతో బొమ్మను చూసినవాళ్లు లేరు. దారి పొడవునా పెట్టెలోని మగవాళ్ల చెవులు పరిశీలిస్తూ కూర్చున్నాను. పక్కన భార్యతో ఉన్న ఒకాయనకు ఇబ్బందైంది.

“ఏంటండీ, అలా చూస్తున్నారు?”

“ఏం లేదండి. మీరు మీ ఆవిడ మాట వింటారా?”

ఆయన ఆలోచిస్తుండగానే ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండా జవాబిచ్చింది.

“వినరండి.”