పేచీల బాబాయ్

పేచీ పెట్టుకోనిదే బాబాయికి అన్నం అరగదు. బిస్కెట్ల ఫ్యాక్టరీ సంఘానికి ఆయనే కార్యదర్శి, ఆయనే సభ్యుడు, గది ఊడ్చేదీ ఆయనే. చట్టాలు మారాక పర్మినెంటు వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్ల చోట కాంట్రాక్టు ఆడవాళ్లు వచ్చారు. వీళ్లు సంఘం గడప తొక్కితే మర్నాటి నుంచి పని ఉండదు. అందుకే బాబాయి ఆ గదిలో ఒంటరిగా అన్నం డబ్బా విప్పుకుని, గోడలతో మాట్లాడుతూ తినేవాడు. తిని, తిన్నగా ప్యాకింగు హాల్లోకి వచ్చేవాడు.

"ఏమయ్యా సూపర్‌వైజరూ! ఆ కిటికీలో పిచ్చుకకి గుర్తింపు కార్డుందా?"

"పిచ్చుకకి కార్డేంటండీ!"

"మరి నన్నెందుకు అడుగుతారు? పద, మేనేజరు దగ్గరే తేల్చుకుందాం!"

సూపర్‌వైజరు తిట్టుకుంటూ ఆయన వెంట నడిచేవాడు. మర్నాడు గడియారం తనని వెక్కిరిస్తోందని పేచీ. ఆ మర్నాడు గాలి అంతా మేనేజరు గదికే పోతోందని.

కొత్తగా చేరిన అమ్మాయికి ఒళ్లు మండేది. "ఇలాంటి చాదస్తం వల్లే సంఘాలు మట్టికొట్టుకుపోయాయి" అనేది. పక్కన ప్యాకింగు చేసే అక్క నవ్వేది.

ఒకరోజు బాబాయికి జ్వరం వచ్చింది. హాల్లో పేచీ లేదు. సాయంత్రానికి అమ్మాయి కాళ్లు దుంగల్లా వాచాయి.

"ఇవాళేంటక్కా, ఇంత నొప్పి?"

"ఇవాళ కూర్చోలేదుగా."

"రోజూ మాత్రం ఎక్కడ కూర్చోనిస్తున్నారు?"

"బాబాయ్ ఆ సూపర్‌వైజర్ని లాక్కెళ్లినప్పుడు కూర్చోవట్లా? కూర్చుంటామని మనం అడిగితే పని పోద్ది. ఆయన అడిగితే సంఘానికి బలం లేదంటారు. అందుకని పిచ్చుకల మీద పడ్డాడు పాపం."

అమ్మాయి నాలిక కరుచుకుంది. ఇన్నాళ్లూ అట్టపెట్టె మీద కూర్చుని, కాళ్లు బారజాపుకుని మరీ ఆయన్ని తిట్టింది తనే!

బాబాయి తిరిగొచ్చిన రోజు, మధ్యాహ్నం అమ్మాయి తన డబ్బా పట్టుకుని సంఘం గది గడప దాటింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఎవరైనా చూస్తే నీ పని పోతుందమ్మా, వెళ్లు!"

"చూడనీండి బాబాయ్. ఒక్కరే తింటే సయించదు" అంటూ మూలనున్న కుర్చీ లాక్కుంది.

"అది వద్దు! దాంట్లో కూర్చోకు!"

"దీనికీ పేచీయేనా?" అని కూర్చుంది. కుర్చీ కాలు ఫెళ్లున విరిగింది, అమ్మాయి నేల మీద చతికిలబడింది.

బాబాయి పేచీల్లో అప్పుడప్పుడు నిజం కూడా ఉంటుందని ఆమెకి అప్పుడు తెలిసింది. ఎన్నాళ్లకో ఆ గదిలో ఇద్దరు మనుషులు పగలబడి నవ్వారు.