మాస్టారి కుక్కకు నడక నేర్పిన ఏడు

కరోనా అణిగిన రెండో ఏడు, శివరాత్రి వెళ్ళిన వారం. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే రోడ్డు పక్కన ఒక రైతు కల్లంలో మా ముఠా పనిలో ఉంది. ముఠా అంటే పద్నాలుగు మంది ఆడవాళ్ళం. మేస్త్రిని నేను. కల్లంలో పట్టాల మీద ఎండబోసిన మిరపకాయల్లోంచి తాలు ఏరడం మా పని. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. అది కలిస్తే సరుకు మొత్తానికీ పేరు పోతుంది. పెళ్ళయిన ఏడు మొదలుపెట్టిన పని, ఇప్పుడు మనవరాలికి పెళ్ళీడు వచ్చినా చేస్తూనే ఉన్నాను. నా చదువు మూడో తరగతితో ఆగింది. అక్షరాలు మాత్రం వచ్చు గనక ఇది నేనే రాస్తున్నాను.

ఈ పనితో పాటు నాకు ఇంకోటి అంటుకుంది. కల్లానికి కుక్క ఉండాలి. పందులు వస్తాయి, గొడ్లు వస్తాయి, రెండు కాళ్ళ దొంగలూ వస్తారు. కానీ ఆ కుక్కే కాయ మీద పరుగెత్తినా, కాలెత్తినా కాపలా పెట్టుకున్న సుఖం తీరిపోతుంది. పట్టాకీ పట్టాకీ మధ్య జానెడు సందులో మనిషి పక్కనే ఒదిగి నడవడం దానికి నేర్పాలి. చుట్టుపక్కల కల్లాలలో చాలా కుక్కలకు నేనే నేర్పాను. నాకు తెలిసినవి రెండే, గొంతూ బెత్తమూ. బెత్తం తగిలేది తక్కువ, కనిపించేది ఎక్కువ. తిండి పెట్టి నేర్పడం మా ఇంటావంటా లేదు. పని అయ్యాక అన్నం పెడతారు గానీ అడుగుకో ముద్ద ఎవరు పెడతారు?

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం సుందరరావు మాస్టారు కల్లానికి వచ్చారు. వచ్చారు అనడం తప్పు, కుక్క లాక్కొచ్చింది. ఆయన మిషన్ బళ్ళో పనిచేసి రిటైరయ్యారు. మా అమ్మాయికి ఎక్కాలు చెప్పింది ఆయనే. డెబ్బై దాటాయి, మోకాలికి ఆపరేషను అయింది. తాడు బిగిసిపోయి, ఆయన వెనక్కి వాలిపోయి, చెప్పులు దుమ్ములో గీతలు గీస్తూ వస్తున్నారు. మోచేతికి కట్టు. కుక్క గోధుమరంగు ఊరకుక్క. పేరు టైగర్. దీపావళికి టపాకాయ పేలితే మంచం కింద దూరి మర్నాటి దాకా బయటికి రాని పులి అది.

సంగతి చెప్పారు. పొద్దునా సాయంత్రం చర్చికి నడుస్తారాయన, కుక్కతో. నాలుగు రోజుల కిందట మేకను చూసి అది ఒక్క గుంజు గుంజింది. ఆయన తారురోడ్డు మీద పడ్డారు. వెనక పత్తి లారీ వస్తోంది. డ్రైవరు చూసి బ్రేకు వేశాడు గనక ఇవాళ నా ముందు నిలబడి ఉన్నారు. ఆయన కూతురు గ్రేస్ ఊళ్ళోనే గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు, తండ్రి దగ్గరే ఉంటుంది. ఇంకోసారి పడితే తుంటి విరుగుతుంది, విరిగితే మళ్ళీ లేవరు అని తేల్చి చెప్పేసింది. చీమకుర్తి క్వారీలో కాపలా ఉండే బంధువు ఒకడు కుక్కను తీసుకుంటానన్నాడట. ఈస్టర్ దాకా గడువు. ఈలోపు అది పక్కన నడవడం నేర్చిందా, ఉంటుంది. లేదా, చీమకుర్తి గొలుసుకు.

క్వారీ అంటే రోజూ రాయి పేలుస్తారు. టపాకాయకే మంచం కింద దూరే దాన్ని అక్కడ కట్టేస్తే ఏమవుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చనిపోయిన భార్య మురిక్కాలవలోంచి తీసి పెంచిన పిల్ల అది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"బెత్తం పడితే పది రోజుల పని మాస్టారూ," అన్నాను.

"బెత్తం వద్దు నాగమ్మా."

"బళ్ళో పిల్లల్ని కొట్టలేదా మీరు?"

"కొట్టాను. అందుకే వద్దంటున్నా."

ఈలోపు టైగర్ మా అన్నం క్యారేజీల వైపు లాగడం మొదలుపెట్టింది. ఆయన జేబులోంచి బిస్కెట్టు తీసి దాని నోట్లో పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. లాగినందుకు బిస్కెట్టు పెడుతున్నారేమిటండీ అంటే, ఊరుకుంటుందని పెట్టానన్నారు. ఇంకోసారి లాగమని చెప్పడం కాదా అది? నలభై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పిన మనిషికి ఇది విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం గ్రేస్ ఫోనులో చూపించింది. ఇలా నడవడాన్ని హీల్ అంటారట. కుక్క మన ఎడమ కాలి పక్కన, దాని మెడ మన మోకాలి దగ్గర, తాడు వదులుగా వేలాడుతూ నడవాలి. నేర్పడానికి ట్రీట్ కావాలి. ట్రీట్ అంటే మెచ్చుకోలు ముక్క. పక్కన ఒక అడుగు వేస్తే ఒక ముక్క, అంతే. బెత్తం లేదు, తిట్టు లేదు. దెబ్బలు తిన్న కుక్క రేపు నాన్న మీదే తిరగబడితే ఎవరిది పూచీ పిన్నీ అని గ్రేస్ అడిగింది. సరేనన్నాను.

కోడి కాలేయం ఉడికించి ముక్కలు చెయ్యమంది. కుక్క నడిచినందుకు కాలేయం! మా ముఠాలో ఆదివారం కూడా కాలేయం చూడని ఇళ్ళున్నాయి. వాడరేవు నుంచి ఎండుచేపల బుట్టతో వచ్చే మనిషి దగ్గర మెత్తళ్ళు కొన్నాను. రాత్రంతా నీళ్ళలో నానేసి ఉప్పు పోగొట్టి, మధ్యాహ్నం అన్నాలయ్యాక కల్లంలోనే కూర్చుని కత్తెరతో కందిగింజంత ముక్కలు కోశాను. మాస్టారు చూసి, ఇది దాని పంటి సందుకు కూడా చాలదు కదా అన్నారు. పంటి సందుకే పెడుతున్నాం, కడుపుకు కాదు అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను, మీ చెయ్యి పడితే ఇది చెడుతుంది, ముక్క నేనే పెడతాను, మీ జేబులో బిస్కెట్టు కనిపిస్తే నేను రాను అని.

అయిదింటికి పని దిగి, బోరు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, మాస్టారి ఇల్లున్న చర్చి సందుకు వెళ్ళేదాన్ని. మొదటి రోజు టైగర్ మూడు ముక్కలు తిన్నది. నాలుగోది వాసన చూసి తుమ్మింది. తల విదిలించి, తాడు గుంజుకుని చర్చి కుళాయి కింద తొట్టి దగ్గరికి పోయింది. నీళ్ళు తాగుతూనే ఉంది. రెండో రోజూ అంతే. బిస్కెట్ల తీపి మరిగిన నోరు, దీనికి చేప ఎక్కడ రుచిస్తుంది అనుకున్నాను. పొద్దున తిండి మాన్పించమన్నాను. మాస్టారు మొహం చిన్నబుచ్చుకుని మాన్పించారు. ఆ సాయంత్రం ఆకలికి గబగబా ఎనిమిది ముక్కలు మింగింది. తర్వాత నోటి వెంట తీగలు తీగలుగా చొంగ. మూతి దుమ్ములో పెట్టి రుద్దుకుంది.

"దీనికి ఒంట్లో బాగోలేదేమో నాగమ్మా."

"నటన అండీ. కల్లం కుక్కలూ చేస్తాయి."

పన్నెండు రోజులు అలా నడిచింది. నేర్వకపోతే పోనీ, ఉన్నదీ పాడైంది. ముక్కల కవరు ముడేసుకున్న చెంగు మీదికి నా చెయ్యి పోతే చాలు, టైగర్ తాడు చివరి దాకా పోయి నిలబడేది. మొదట మేకను చూసి లాగేది, ఇప్పుడు నన్ను చూసి లాగుతోంది. నేను పళ్ళు కొరుక్కుంటున్నాను. రోజంతా ఎండలో ఒంగి ఏరి, ఇంటికి పోకుండా ఇక్కడికి వచ్చి, ఈ బోడి కుక్క వెనక చేపముక్క పట్టుకుని తిరగడం నా ఖర్మ అనుకున్నాను. ఒక పూట బెత్తం ఇస్తే తేలిపోయే దానికి ఇంత పురాణమా అని గ్రేసుకు వినబడేలాగే అన్నాను. గ్రేస్ లోపలికి వెళ్ళి చీమకుర్తికి ఫోను చేసింది. శనివారం ట్రాలీ ఆటో పంపుతానన్నాడట ఆ బంధువు. గడువు దాకా కూడా ఆగేట్టు లేదు.

పదమూడో రోజు విసుగొచ్చి ముక్కల కవరు మాస్టారి చేతిలో పెట్టేశాను. మీ కుక్క, మీ ఇష్టం అన్నాను. ఆయన రెండు ముక్కలు తీసి చేత్తో పట్టుకుని నాలుగడుగులు వేశారు. చెమట కారుతుంటే అదే చేత్తో కన్ను తుడుచుకున్నారు. అంతే, ఇంటి మెట్ల మీద కూలబడిపోయారు. కన్ను ఎర్రగా, నీళ్ళు ధారగా. గ్రేస్ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి చెంబుడు నీళ్ళు కుమ్మరించి కన్ను కడిగింది. తర్వాత ఆ కవరు చూసింది. నన్ను చూసింది. నా చెయ్యి పట్టుకుని నా వేలు తన నాలుక చివరికి తాకించుకుంది.

"పిన్నీ, ఈ చేత్తోనేనా ముక్కలు కోసింది?"

"సబ్బుతో కడుక్కునే వచ్చానమ్మా."

"కోసేటప్పుడో?"

కోసింది కల్లంలో, తాలు ఏరుతూ ఏరుతూ లేచి. అయినా సబ్బుకు మిరప ఘాటు పోదు. ఆ మాట నేనే చెబుతాను అందరికీ. కొత్త పిల్ల ముఠాలోకి వస్తే మొదటి రోజు నేను చెప్పే మొదటి మాట అదే, కన్ను ముట్టుకోకు అని. పాలిచ్చే తల్లి వస్తే చేతులకు నూనె రాయించి, శనగపిండితో రుద్దించి, మజ్జిగతో కడిగించి, నేను చూశాకే బిడ్డను ఎత్తుకోనిస్తాను. నా చేతికి మాత్రం ఏళ్ళ కిందటే మంట తెలియడం మానేసింది. మంట లేదు గనక కారమూ లేదనుకున్నాను. కుక్క విషయంలో ఆ ఆలోచనే రాలేదు. అది తుమ్మి చెప్పింది, నీళ్ళు తాగి చెప్పింది, దుమ్ములో మూతి రుద్ది చెప్పింది. నేను నటన అన్నాను. పైగా తిండి మాన్పించి ఖాళీ కడుపులోకి పెట్టాను.

మాస్టారు ఒక కన్ను మూసుకునే ఉన్నారు. తిడతారేమో అని చూశాను. తిడితే బాగుండేది.

"అయితే టైగర్ నటించలేదన్నమాట," అన్నారు. లేచి తొట్టిలో దానికి కొత్త నీళ్ళు పట్టారు.

గ్రేస్ ఆటోను ఆపించింది. గడువు మాత్రం మారదంది. ఈస్టర్‌కు ఇంకా మూడు వారాల పైనే ఉంది. ఈసారి కాలేయం ఆమే ఉడికించింది, ముక్కలు మాస్టారే కోశారు. పెట్టేదీ ఆయనే. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పది అడుగుల వెనక నడవాలి, నోరు మాత్రం వాడుకోవచ్చు.

ఆ నోటికి పని తక్కువేం లేదు. కుక్కకన్నా మాస్టారికి నేర్పడం కష్టం. తాడు బిగిస్తే స్తంభంలా ఆగిపోవాలి, వదులైతే అడుగు వెయ్యాలి, ముక్క మోకాలి దగ్గరే దొరకాలి. మూడే ముక్కల్లో చెప్పాను. ఆయన చెయ్యి ముందుకు చాచి పెట్టేవారు. ముందు పెడితే ముందుకే వస్తుందండీ అంటే, అవునవును అని, మళ్ళీ ముందే పెట్టేవారు. తాడు బిగిస్తే ఆగేవారు గానీ, అది వెనక్కి తిరిగి చూస్తే చాలు కరిగిపోయి, సారీ నాయనా అని ముక్క ఇచ్చేవారు. లాగి చూసినందుకు ముక్క! నేను నెత్తి కొట్టుకుంటే వెనక సందులో పిల్లలు నవ్వేవాళ్ళు.

కానీ ఒకటి చూశాను. ఆయన మోకాలి మూలాన నడక నెమ్మది. నేను కుక్కను నా నడకకు ఈడ్చేదాన్ని. ఆయన అడుగుకూ అడుగుకూ మధ్య దానికి ఆలోచించుకునే వ్యవధి దొరికేది. వారం తిరిగేసరికి తాడు వేలాడటం మొదలుపెట్టింది. అప్పుడు ముక్కలు తగ్గించమన్నాను. అడుగుకొకటి పెట్టేది మూడడుగులకు ఒకటి, తర్వాత చర్చి గేటు నుంచి తూము దాకా ఒకటి. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన భాగం అదొక్కటే.

మట్టల ఆదివారం ఊరేగింపు వచ్చింది. ఈస్టర్‌కు ముందు ఆదివారం ఆకుమట్టలు పట్టుకుని పాడుతూ చర్చికి వెళతారు. మాస్టారు టైగర్‌ను తీసుకునే బయల్దేరారు. గ్రేస్ వద్దనలేదు, వెనకే నడిచింది. ఆమె ఏం చూడటానికి నడుస్తోందో మా ముగ్గురికీ తెలుసు. నేను రోడ్డు వార నిలబడ్డాను. డప్పులు, పిల్లలు, కుక్క మొహానికి తగులుతున్న మట్టలు. తూము దగ్గర మిర్చి బస్తాల లారీ వెనక నుంచి వచ్చి హారను కొట్టింది. టైగర్ ఎగిరిపడింది. తాడు బిగిసింది. మాస్టారు ఆగిపోయారు. స్తంభంలా. చెయ్యి చాచలేదు, సారీ చెప్పలేదు. లారీ వెళ్ళేదాకా అలాగే నిలబడ్డారు. తాడు వదులైంది. టైగర్ వెనక్కి వచ్చి ఆయన మోకాలికి మెడ ఆనించింది. అప్పుడు పెట్టారు ముక్క, పెట్టాల్సిన చోట.

సాయంత్రం గ్రేస్ చీమకుర్తికి ఫోను చేసి కుక్క రాదని చెప్పింది. నాతో, ఈస్టర్‌కు భోజనానికి రా పిన్నీ అంది. వెళ్ళాను. టైగర్ నన్ను చూసి మాస్టారి ఎడమ పక్క నుంచి లేచి కుడి పక్కకు వెళ్ళి కూర్చుంది. ఇప్పటికీ అంతే చేస్తుంది. పిలవను. దానికి జ్ఞాపకం ఉంది, ఉండనీ.

చెప్పినా నేర్వనివాళ్ళు నాకు చాలామంది తగిలారు, కుక్కలూ మనుషులూ. మొండి అనేదాన్ని, పొగరు అనేదాన్ని. వాళ్ళలో ఎంతమంది నా చేతి కారం తగిలి దూరం జరిగారో ఇప్పుడు లెక్క తీయలేను. నా చెయ్యి నాకు చెప్పదు, ఎదుటివాళ్ళను అడగాలి. అడిగే అలవాటు లేని మనిషిని నేను.

ఈ ఏడు కల్లానికి కొత్త కుక్కపిల్లను తెచ్చారు. నూనె రాసి, శనగపిండితో రుద్ది, మజ్జిగతో కడుక్కుని, టీ తెచ్చే ఖాదరును పిలిచి వేళ్ళు చూపించాను. మిరప ముట్టుకోని చెయ్యి అతనిది, తేడా తెలుస్తుంది. నా వేలు పట్టుకుని వాసన చూశాడు.

"ఇంకోసారి కడుక్కో మామ్మా," అన్నాడు.

కడుక్కుని వచ్చాను.