నెమలి తోక, తొంభై గ్రాములు

మొన్న శనివారం నా విమానం ఎట్ల దిగిందో చెప్త, వినండి. దిగింది అనుడు కూడా ఎక్కువే.

నిర్మల్‌ల మా మామ పొనికి కర్రతో బొమ్మలు చేస్తడు. ఆ కర్ర బెండు లెక్క తేలిక. దాంతోనే నాకొక రిమోట్ విమానం చెక్కించుకున్న. మోటరు, బ్యాటరీ, లెక్కలు నావి. రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి లేపితే ముక్కూ తోకా ఎటూ వాలకుండ నిలవాలె. అప్పుడే మెల్లగ దిగుతది. వారం రోజులు తిప్పలు పడి నిలబెట్టిన.

మా గల్లీ బడి హెడ్మాస్టర్ సారు ఒక మాటిచ్చిండు. పిల్లల ముందట మంచిగ దింపి చూపిస్తే, ప్రతి శనివారం విమానాల క్లాసు నాదే. డిగ్రీ అయిపోయి ఖాళీగ ఉన్న నాకు అదే మొదటి కొలువు.

శుక్రవారం సాయంత్రం చూస్తే తోక మీద నెమలి. మామ చింతగింజల జిగురు దట్టంగ పూసి, రంగులేసిండు. గిదేంది మామా అంటే, "రంగు లేని బొమ్మ మన ఇంటి గడప దాటదు బిడ్డా" అన్నడు.

వేళ్ల మీద పెడితే తోక కిందికి జారింది. ఏడుపొచ్చింది. అయినా లెక్కలొచ్చినోళ్లకు ఏడ్చే టైమ్ ఏడిది? తోక విప్పి డిజిటల్ త్రాసు మీద పెట్టిన. ముప్పై గ్రాములు పెరిగింది. వేళ్లు పెట్టే చోటు నుంచి తోక అరవై సెంటీమీటర్లు, ముక్కు ఇరవై. అంటే తోకల ఒక్క గ్రాముకు ముక్కుల మూడు. మొత్తం తొంభై. చేపల వలకు కట్టే సీసం గుండ్లు తెచ్చి ముక్కుల అతికించిన. తూకం అచ్చంగ సరిపోయింది. అంత మంచిగ కుదిరిందని పొద్దున మళ్లీ చూడలే.

బడి గ్రౌండ్‌ల ఎట్లనో లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. దింపుదామని మోటరు తగ్గించిన, ముక్కు కిందికి వంగింది. రిమోట్ పుల్ల మొత్తం వెనక్కి గుంజిన, లేవలే. పరేషాన్ అయి పవర్ పెంచిన. పాపం మోటరు చెప్పిన పని చేసింది. ముక్కు ఎటు చూస్తుందో అటే ఇంకా స్పీడుగ తీస్కపోయింది. వాలీబాల్ కోర్టు నడుమ ముక్కు దిగబడి, తోక ఆకాశం దిక్కు నిలబడ్డది.

చూడనీకి వచ్చిన మామ తోకను వేలితో తట్టిండు.

"తూకం ఎప్పుడేసినవ్ బిడ్డా?"

"నిన్న సాయంత్రం."

"పచ్చి జిగురు మీదనా?"

తోక విప్పుకొని ఉరికిన. ఇంటికొచ్చి మళ్లీ తూచిన. జిగురుల నీళ్లన్నీ ఆరిపోయినంక తోక పెరిగింది పన్నెండు గ్రాములే. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు. నేను మోపింది తొంభై.

సారు మాత్రం అంత దెబ్బకు కూడా నెమలి మీద గీత పడలేదని మురిసిపోయిండు. శనివారం క్లాసు మామకిచ్చిండు, బొమ్మలకు రంగులేసుడు నేర్పనీకి. నన్ను కూడా ఉత్తగ పంపలే. పిల్లల బొమ్మలు ఆరినయో లేదో ముట్టి చూసి చెప్పుడు నా డ్యూటీ.