నేను నొక్కిన లింకు

చిత్తూరులో తెలివైన హైస్కూలు పిల్లల్ని ఏరి, ఆదివారాలు సైబర్ సెక్యూరిటీ నేర్పే తరగతులకు నేను టీచర్ని. తిరుపతిలో అలిపిరి దారిలో ఒంటిగది నాది. పొద్దున్నే బస్సెక్కి వెళ్తాను, సాయంత్రం మళ్లీ అదే గదికి వస్తాను. మాట్లాడాల్సిందంతా ఆదివారమే మాట్లాడేస్తాను.

ఈ ఏటి బ్యాచ్ చివరి నెలలో పిల్లలకు పందెం పెట్టాను. "దొంగ మెసేజ్ పంపి నాతో లింకు నొక్కించండి చూద్దాం!" కరెంటు బిల్లు కట్టలేదని ఒకడు, దర్శనం టికెట్లు మిగిలాయని ఇంకొకడు పంపారు. అన్నింటినీ బోర్డు మీదికెక్కించి, తప్పులు చూపించి మరీ వెక్కిరించాను. నా అంతటిదాన్ని నేనే అనుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. "మేడం, నేను మీ మొదటి బ్యాచ్ స్టూడెంట్‌ని. తిరుపతికి వచ్చినా. సాయంత్రం మీ ఇంటికి రావచ్చా? నేనెవరో ఈ ఫోటో తెరిచి చూడండి." కింద లింకు. ముందు వెళ్లి పాలు తెచ్చాను. కుర్చీ మీది బట్టలు తీసి మడతపెట్టాను. ఆ తర్వాత నొక్కాను.

"దొరికిపోయినారు మేడం!" అని వచ్చింది.

నవ్వాలనుకున్నాను, ఏడుపొచ్చింది. ఆ పాలు కాచి తోడుపెట్టేశాను.

మర్నాడు క్లాసంతా ఈలలే. ఆ మెసేజ్ రాసింది నగరి నుంచి వచ్చే మరమగ్గాలవాళ్ల అమ్మాయి. ఆమె మాత్రం నవ్వలేదు.

"ఇదెట్ల తట్టింది నీకు?" అని అడిగాను.

"క్లాసు అయిపోతానే మేమంతా బస్సుకి పరిగెత్తుతాం మేడం. మీరు కుర్చీలు సర్దుకుంటా ఆడనే ఉంటారు. మీకోసం ఎదురుసూసేవాళ్లు ఎవురూ లేరేమో అనుకున్నా."

మోసపోయినవాళ్లు ఎందుకు మోసపోయారో అందరి ముందూ చెప్పాలి. ఆ నియమం పెట్టింది నేనే. తొందరలో నొక్కానన్న అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"నా దగ్గరికి ఎవరూ రారమ్మా. వస్తామనేసరికి ఆగలేకపోయాను" అన్నాను. ఈలలు ఆగిపోయాయి.

వెళ్లేటప్పుడు ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి, "ఒగనాడు నిజంగానే వస్తా మేడం. ముందు ఫోన్ చేస్తాలే" అంది.

వేసవికి ముందే ఆ బ్యాచ్ అయిపోయింది. ఆమెకు సొంత ఫోన్ లేదు, ఆ మెసేజ్ కూడా ఎవరి ఫోన్‌నో అడిగి పంపిందే. ఈసారి ఎవరి నంబరు నుంచి చేస్తుందో తెలియదు. తెలియని నంబరు ఎత్తొద్దని కొత్త పిల్లలకు ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నాను. గదికి వచ్చాక మాత్రం ఏ నంబరొచ్చినా మొదటి రింగుకే ఎత్తుతున్నాను.