మజ్జిగ పోసిన మాస్టారు

మే నెల ఎండలో రెయిన్‌కోటు వాసన తగిలితే ఇప్పటికీ నా గొంతు ఎండుకుపోతుంది. ఈ ఉదయం భవానీపురంలో మా స్కూలు గ్రౌండులో ఆ వాసనే వచ్చింది. నేను కబడ్డీ నేర్పే లావణ్య, రెయిన్‌కోటుకి మెడదాకా గుండీలు పెట్టుకుని, చెమట కార్చి సెలక్షన్లకు బరువు తగ్గాలని పరుగెడుతోంది.

నాకు మా డ్రిల్లు మాస్టారు మస్తాన్ గారు గుర్తుకొచ్చారు. బక్కపలచని మనిషి, కోపం ముక్కుమీదే ఉండేది. నేను పదో తరగతిలో ఉండగా జిల్లా సెలక్షన్లు వచ్చాయి. బరువు హద్దు దాటకపోతే ఆట, ఆడి గెలిస్తే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు. గవర్నర్‌పేటలో ఆటో తోలే మా నాన్నకు అంతకుమించిన దారి కనబడలేదు. తన రెయిన్‌కోటు నాకు తొడిగి, ముందురోజు నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. తూకానికి కాస్త ముందు నేను పరుగెడుతూ తూలడం మాస్టారు చూశారు. నీడకు లాక్కెళ్ళి, కోటు విప్పించి, తన మజ్జిగ సీసా అందించారు.

"తాగితే బరువు పెరుగుతానండీ," అన్నాను.

"పెరిగితే పెరుగు. ముందు తాగు."

సీసా ఖాళీ అయ్యేదాకా తాగాను. మిషను మీద ముల్లు హద్దు దాటింది. మా నాన్న అరవలేదు. "మజ్జిగ పోసి మా పిల్ల నోట్లో మట్టి కొట్టారు మాస్టారూ," అన్నాడు. ఆయన తలవంచుకుని విన్నారు. నాకు మాత్రం ఆయన మీద పీకలదాకా కోపం. వన్ టౌన్‌లో బట్టల కొట్టులో పనిచేసుకుంటూ చదివిన రోజులన్నీ ఆ కోపం నాతోనే ఉంది.

చివరికి నేనూ ఆటల టీచరునే అయ్యాను. ఆయన రిటైరయ్యాక ఒకసారి ఇంటికెళ్ళి అడిగేశాను, ఆ రోజు చేసింది మంచిపనేనా అని.

"నాకూ తెలీదమ్మా. నీకు ముందు ఎంతమందిని అలా పరిగెత్తించానో. గెలిచినోళ్ళ ఫోటోలు స్కూలు గోడకి తగిలించాం. కళ్ళు తిరిగి పడ్డోళ్ళకి గోడెక్కడుంది? నువ్వూ పడిపోతావని భయమేసింది, అంతే. మీ నాన్న తప్పేం లేదు. అక్కరున్నోళ్ళ ముందు ఒక్క సీటు పెట్టి, దాన్ని ఆటన్నాం చూడు, అదే తప్పు."

ఆ మాట మోస్తూనే ఇన్నేళ్ళుగా పిల్లల్ని సెలక్షన్లకు తీసుకెళ్తున్నాను. ఆటంటే ఆరోగ్యమని జెండా పండగనాడు ఉపన్యాసాలిచ్చే పెద్దలే, పతకం రాకపోతే మొహం చాటేస్తారు. అలసిపోయాను. ఆ తూకం మిషను మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇవాళ లావణ్యను ఆపి మజ్జిగ సీసా ఇవ్వబోయాను. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. అయినా తీసుకోలేదు.

"తాగితే సీటు మీరిస్తారా మేడం?"

పొగరుతో కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. మూత తీసి సీసా ఆమె చేతిలో పెట్టి, రెయిన్‌కోటు పై గుండీ విప్పడం మొదలుపెట్టాను.