సుధ సీసాలో నేను పోసిన నూనె

ఆ రోజు నేను నా భార్య మందును కిచెన్ సింక్‌లో పారబోసి, ఆ సీసాలో వంటనూనె నింపాను. ఏళ్లపాటు ఈ మాట దాచాను. నా పేరు చెప్పకుండా మీకు చెబుతున్నాను. జాలిపడకండి.

మేముండేది కాలిఫోర్నియాలో, డబ్లిన్ అనే ఊళ్లో. సుధకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. పడుకోగానే కాళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయేవి. నేను పిక్కలు పిసుకుతుంటే ఆమె దిండు కొరుక్కునేది. ఏ మాత్రలూ పనిచేయలేదు. చివరికి డాక్టర్ నూనెలో కలిపిన గంజాయి చుక్కలు వాడి చూడమని చీటీ రాసిచ్చింది. నాలుక కింద వేసుకోవాలి. కొద్ది రోజుల్లోనే సుధ నిద్రపోయింది. ఆ నిద్ర విలువ ఏమిటో మా ఇంట్లో ఉండి చూస్తే తెలుస్తుంది.

అప్పుడు మా గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తోంది. గంజాయి మందుకు రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టంలో, అంటే దేశమంతటి చట్టంలో, అది నేరమే; బయటపడితే ఫైల్ ఆగిపోవచ్చు. నాకు భయం. సుధకు లేదు. స్నేహితురాలికి దాచకుండా చెప్పేసింది. ఆ సంగతి తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్ విందులో మగవాళ్ల దాకా వచ్చింది.

"ఏం బావా, సరుకు ఇంట్లోనే దొరుకుతోందట. మాకూ కొంచెం పార్సిల్ చెయ్" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి సీసా వంచేశాను.

ఫైల్ కోసమేనా? అయితే ఆమెకే చెప్పి మానిపించవచ్చుగా? కాదు. ఆమె కాళ్ల కన్నా ఆ నవ్వే నాకు పెద్దదైంది. వాసన తేడా రాకూడదని అడుగున కాస్త మందు ఉంచాను చూడండి, ఆ తెలివి గుర్తొస్తే నన్ను నేనే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"ఇదీ పనిచేయట్లేదండీ. జబ్బు ముదిరినట్టుంది" అంది సుధ కొన్నాళ్లకు.

"నేను ముందే చెప్పలేదా? గంజాయితో రోగాలు తగ్గుతాయా?"

ఈ నోటితోనే అన్నాను.

చుక్కలు మానేసింది. డాక్టర్ మాత్రల మోతాదు పెంచింది. ఆ మత్తుకు సుధ కారు నడపడం వదిలేసింది, లైబ్రరీలో పిల్లలకు తెలుగు నేర్పడం వదిలేసింది. పక్కనే కూర్చుని చూశాను. గ్రీన్ కార్డులు వచ్చాయి. అప్పుడూ చెప్పలేదు. అప్పుడు నాకేం అడ్డం?

కిందటేడు డాక్టర్ కొత్త చికిత్స గురించి చెబితే సుధ వద్దంది. ఆ చుక్కలకే లొంగని ఒళ్లు ఇక దేనికీ లొంగదంది. ఆ నమ్మకం నేను పోసిన నూనె. ఇంటికొచ్చాక చెప్పేశాను.

"అయితే అప్పుడు జబ్బు ముదరలేదన్నమాట" అంది సుధ. అంతే.

తర్వాత డాక్టర్ ముందు, ఆమె ఎదుటే, జరిగిందంతా చెప్పాను. అప్పుడు నవ్విన మగవాళ్లకూ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. సుధ మళ్లీ చుక్కలు మొదలుపెట్టింది; అవి అమ్మే దుకాణానికి ఇప్పుడు నేనే కారులో తీసుకెళతాను. ఆమె వాకర్‌తో ఒక్కతే లోపలికి వెళుతుంది.

సీసా ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటుంది. నన్ను ముట్టుకోనివ్వదు. తనే వేసుకుంటుంది. చేయి వణికి కొన్ని చుక్కలు దిండు మీద పడతాయి. ఆ గలీబు నేను ఉతుకుతాను.